బలహీనమైన కాలికే ముందు బంతి



ఈరోజు మీతో ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి మాట్లాడతాను. స్పెయిన్ దేశపు మిడ్‌ఫీల్డర్. పేరు సాంతి కజోర్లా. ఫుట్‌బాల్ చూడనివాళ్ళు ఈ పేరు విని ఉండకపోవచ్చు. ఫర్వాలేదు. ఆట తెలియకపోయినా ఈ మనిషి కథ అర్థమవుతుంది. అందులో మనం బడిలో, మైదానంలో, ఇంట్లో వాడుకోదగ్గ సంగతి ఒకటుంది. ఆ ఒక్క సంగతి కోసమే ఈ ప్రసంగం.

అదేమిటో ముందే చెప్పేస్తాను. మనలో ప్రతివారికీ ఒక బలమైన వైపు ఉంటుంది. ఒక బలహీనమైన వైపూ ఉంటుంది. బలమైన వైపుతో పని కానిచ్చేస్తుంటాం. రెండోదాన్ని అలాగే వదిలేస్తాం. వదిలేసిన కొద్దీ అది ఇంకా బలహీనపడుతుంది. అలా వదలకూడదు. బలహీనమైన వైపుకు రోజూ కాస్త పని చెప్పాలి. వినడానికి చాలా చిన్న మాట. కానీ కజోర్లా ఆట మొత్తం ఈ మాట మీదే నిలబడింది.

ముందు మిడ్‌ఫీల్డర్ పని ఏమిటో చూద్దాం. ఫుట్‌బాల్‌లో జట్టుకు పదకొండు మంది. వెనక కొందరు గోల్‌ను కాపాడతారు. ముందు కొందరు గోల్ కొట్టే పనిలో ఉంటారు. ఈ రెండు వరసల మధ్యలో ఉండేవాడు మిడ్‌ఫీల్డర్. వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుంటాడు. ముందువాళ్ళకు అందిస్తాడు. వినడానికి తేలికే. కానీ అతను నిలబడే చోటు చూడండి. మైదానం అంచున ఆడేవాడికి ఒక పక్క గీత ఉంటుంది. ఆ వైపు నుంచి ఎవరూ మీదికి రారు. మధ్యలో ఆడేవాడికి ఆ సుఖం లేదు. నాలుగు వైపుల నుంచీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. బంతి కాలికి తగిలిన క్షణంలో ఎటు తిరగాలో తేల్చుకోవాలి. ఆలస్యం చేస్తే బంతి పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనలో ఎక్కువమందికి కుడిచేతి వాటం ఉన్నట్టే, ఎక్కువమంది ఆటగాళ్ళకు కుడికాలి వాటం ఉంటుంది. ఆ సంగతి ఎదుటి జట్టుకూ తెలుసు. వాళ్ళు ఏం చేస్తారంటే, మీద పడిపోయి బంతి లాక్కోవాలని చూడరు. అతని కుడివైపుకు వచ్చి నిలబడతారు. కుడివైపు దారి మూసేస్తారు. ఎడమవైపు కావాలనే వదిలేస్తారు. అతను అటు తిరగక తప్పదు. బంతి ఎడమకాలి మీదకు వెళుతుంది. ఆ కాలికి సరిగ్గా అందించడం రాదు. మళ్ళీ కుడికాలి మీదకు మార్చుకోవాలని చూస్తాడు. ఆ మార్చుకునే అర సెకను చాలు. బంతి లాగేసుకుంటారు.

మరి ఎడమకాలు కూడా కుడికాలంత బాగా పని చేస్తే? అప్పుడు ఏ వైపు మూయాలో ఎదుటివాడికి తెలియదు. కుడివైపు మూస్తే ఎడమవైపు వెళతాడు. ఎడమవైపు మూస్తే కుడివైపు వెళతాడు. మధ్యలో నిలబడితే ఎటైనా వెళతాడు. సాంతి కజోర్లా సరిగ్గా అలాంటి ఆటగాడు. సహజంగా అతనిది కుడికాలి వాటమే. కానీ మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ కిక్‌ను ఒకసారి కుడికాలితో కొట్టేవాడు, ఇంకోసారి ఎడమకాలితో కొట్టేవాడు. ఏది అసలు కాలో చూసేవాళ్ళకు అంతు చిక్కేది కాదు.

దీన్ని మన పల్లెటూరి సంగతితో చెబుతాను. బండికి రెండు ఎద్దులు కడతారు కదా. ఎడమవైపుది దాపటి ఎద్దు. కుడివైపుది వలపటి ఎద్దు. ఒకటి బలంగా ఉండి, రెండోది నీరసంగా ఉంటే బండి ఏమవుతుంది? తిన్నగా పోదు. ఒక పక్కకే లాగుతుంది. బలమైన ఎద్దు ఎంత బలమైనదైనా సరే, బండి నడక మాత్రం రెండోదాన్ని బట్టే ఉంటుంది. మంచి రైతు ఏం చేస్తాడు? బలహీనమైన ఎద్దును కొట్టంలో కట్టేసి వదిలేయడు. కొత్త కోడెకు కాడి అలవాటు చేసినట్టే దానికీ నెమ్మదిగా అలవాటు చేస్తాడు. ముందు ఖాళీ బండి కడతాడు. నాలుగు రోజులయ్యాక తేలికపాటి బరువు వేస్తాడు. ఆ తర్వాతే దుక్కికి తీసుకెళతాడు. తొందరపడడు. మానేయడు కూడా. రోజూ కాస్త, రోజూ కాస్త. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ఖాళీ బండి, తేలిక బరువు, ఆ తర్వాత దుక్కి. కజోర్లా కథలో ఈ వరస మళ్ళీ వస్తుంది.

ఇక కథలోకి వెళదాం. స్పెయిన్ ఉత్తరాన అస్తూరియస్ అనే ప్రాంతం ఉంది. కొండలు, వానలు, పచ్చిక బయళ్ళు, పాత బొగ్గు గనులు. ఆ ప్రాంతానికి రాజధాని ఒవియేదో. ఆ పక్కనే ఉన్న యానేరాలో 1984 డిసెంబర్ 13న కజోర్లా పుట్టాడు. చిన్నప్పుడే రియల్ ఒవియేదో క్లబ్బు పిల్లల జట్లలో చేరాడు. నీలం రంగు చొక్కా. పెద్దయ్యాక ఆ చొక్కాతో పెద్ద జట్టులో ఆడాలన్నది అతని కోరిక.

ఆ కోరిక అప్పుడు తీరలేదు. అతనికి 18 ఏళ్ళు వచ్చేసరికి క్లబ్బు అప్పుల్లో మునిగిపోయింది. ఆటగాళ్ళకు జీతాలు ఇవ్వలేని స్థితి. 2003లో ఆటలో ఓడి ఒక మెట్టు దిగింది. బకాయిలు కట్టనందుకు ఇంకో మెట్టు దింపేశారు. అంతకు రెండేళ్ళ ముందు దాకా దేశంలోని పెద్ద లీగ్‌లో ఉన్న క్లబ్బు నాలుగో అంచెకు పడిపోయింది. కుర్రవాడికి ఊరు వదలక తప్పలేదు. తూర్పు తీరాన విల్లారియల్ అనే చిన్న పట్టణం ఉంది. టైల్స్ తయారీకి పేరుపడిన ప్రాంతం. అక్కడి క్లబ్బులో చేరాడు.

మనిషి పొట్టి. ఐదడుగుల ఆరంగుళాలు. ఎదుటివాళ్ళను భుజంతో తోసి గెలవలేడు. పరుగులో అందరినీ దాటిపోయేంత వేగమూ లేదు. మరి ఏం చేయాలి? ఎదుటివాడు దగ్గరికి వచ్చేలోపలే తిరిగిపోవాలి. ఎటైనా తిరగాలంటే రెండు కాళ్ళూ పని చేయాలి. పొట్టివాడికి రెండో కాలు అలంకారం కాదు, అవసరం. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను. ఒంట్లో బలం తక్కువున్నవాడికి రెండో కాలు అవసరం.

2006లో రెక్రియేటివో అనే జట్టుకు వెళ్ళాడు. దక్షిణ స్పెయిన్‌లోని వెల్వా ఊరి జట్టు. అప్పుడే కింది లీగ్ నుంచి పైకి వచ్చింది. ఆ ఏడాది ఆ చిన్న జట్టు ఎనిమిదో స్థానంలో నిలిచింది. దాన్ బలోన్ అనే స్పెయిన్ క్రీడాపత్రిక ఆ సీజన్‌కు ఉత్తమ స్పానిష్ ఆటగాడిగా కజోర్లానే ఎంచింది. మరుసటి ఏడాది విల్లారియల్ అతన్ని వెనక్కి పిలిపించుకుంది. ఆ సీజన్‌లో విల్లారియల్ లీగ్‌లో రెండో స్థానం సాధించింది.

2008 వేసవిలో యూరో కప్ జరిగింది. యూరప్ దేశాల మధ్య జరిగే పెద్ద పోటీ. కజోర్లా స్పెయిన్ తరఫున మొదటి మ్యాచ్ ఆడి అప్పటికి నెల కూడా కాలేదు. క్వార్టర్ ఫైనల్లో ఎదుట ఇటలీ. అదనపు సమయం అయిపోయినా గోల్ పడలేదు. ఒక్కొక్కరూ గోల్‌కీపర్‌కు ఎదురుగా నిలబడి కొట్టే పెనాల్టీల దాకా వచ్చింది. స్పెయిన్ తరఫున రెండో పెనాల్టీ కొట్టడానికి ఈ కుర్రవాడు వెళ్ళాడు. ఎదుట గోల్ కాస్తున్నది బుఫాన్. ప్రపంచంలోని గొప్ప గోల్‌కీపర్లలో ఒకడు. కజోర్లా గోల్ కొట్టాడు. స్పెయిన్ గెలిచింది. ఆ తర్వాత ఫైనల్లో జర్మనీని ఓడించి కప్పు తెచ్చుకుంది. 44 ఏళ్ళ తర్వాత స్పెయిన్‌కు దక్కిన పెద్ద కప్పు అది. 2010లో స్పెయిన్ ప్రపంచకప్ గెలిచింది. గాయం వల్ల కజోర్లా అందులో లేడు. 2012లో మళ్ళీ యూరో కప్ గెలిచింది. ఆ జట్టులో ఉన్నాడు. మొత్తం మీద దేశం తరఫున 81 మ్యాచ్‌లు ఆడాడు. 15 గోల్స్ కొట్టాడు.

మధ్యలో మాలగా క్లబ్బుకు ఒక ఏడాది ఆడాడు. ఆ ఏడాది మాలగా నాలుగో స్థానంలో నిలిచి, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌కు చరిత్రలో మొదటిసారి అర్హత సాధించింది. 2012 ఆగస్టులో లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బుకు వెళ్ళాడు. మన దగ్గర ఇంగ్లండ్ లీగ్ చూసే కుర్రవాళ్ళకు అతను తెలిసింది అక్కడే.

ఆర్సెనల్‌లో రెండు మ్యాచ్‌లు మీకు చెప్పాలి.

మొదటిది 2014 మే 17. వెంబ్లీ స్టేడియం. ఇంగ్లండ్ క్లబ్బుల పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్. ఆర్సెనల్ ఒక్క కప్పు కూడా గెలవక తొమ్మిదేళ్ళయింది. ఎదుట హల్ సిటీ అనే జట్టు. ఆట మొదలై పది నిమిషాలు కాకముందే హల్ రెండు గోల్స్ కొట్టేసింది. ఆర్సెనల్ అభిమానులు తలలు పట్టుకున్నారు. 17వ నిమిషంలో ఫ్రీకిక్ వచ్చింది. కజోర్లా బంతి పెట్టాడు. ఎదుట ఆటగాళ్ళు గోడలా వరసగా నిలబడ్డారు. కుడికాలితో కొట్టాడు. బంతి ఆ గోడ మీదుగా లేచి గోల్ పై మూలలోకి దూసుకుపోయింది. అక్కడి నుంచి ఆట మలుపు తిరిగింది. అదనపు సమయంలో ఆర్సెనల్ మూడు రెండుతో గెలిచింది. తొమ్మిదేళ్ళ కరువు తీరింది.

రెండోది 2015 జనవరి 18. మాంచెస్టర్ సిటీ సొంత మైదానం. ఆ ఏడాది ఆర్సెనల్ కోచ్ ఆర్సెన్ వెంగర్ కజోర్లాను ఇంకా వెనక్కి జరిపి ఆడించాడు. రక్షణ వరసకు కాస్త ముందు చోటది. అక్కడ బంతి పోతే నేరుగా ప్రమాదమే. సాధారణంగా ఆ చోట పొడుగ్గా, బలంగా ఉన్నవాళ్ళను పెడతారు. పక్కన కోక్లాన్ అనే ఆటగాడు బంతి లాక్కునే పని చూసుకున్నాడు. లాక్కున్న బంతిని ముందుకు నడిపే పని కజోర్లాది. సిటీ ఆటగాళ్ళు అతని మీదకు వస్తూనే ఉన్నారు. కుడివైపు వస్తే ఎడమకు తిరిగాడు. ఎడమవైపు వస్తే కుడికి తిరిగాడు. పెనాల్టీతో మొదటి గోల్ తానే కొట్టాడు. రెండో గోల్‌కు ఫ్రీకిక్ అందించింది కూడా అతనే. ఆర్సెనల్ రెండు సున్నాతో గెలిచింది. నా దృష్టిలో ఒక మిడ్‌ఫీల్డర్‌కు రెండు కాళ్ళూ ఎందుకు కావాలో చూపించడానికి ఆ ఒక్క మ్యాచ్ చాలు.

ఇక్కడ మన హైదరాబాద్ మాట ఒకటి చెప్పాలి. చెప్పకపోతే తప్పవుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం గారని మనకొక కోచ్ ఉండేవారు. అందరూ రహీం సాబ్ అనేవారు. వృత్తిరీత్యా బడి పంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్ భారత జట్టుకు కూడా కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో మళ్ళీ బంగారు పతకం. మన ఫుట్‌బాల్ చరిత్రలో అంత గొప్ప కాలం మళ్ళీ రాలేదు.

ఆ రహీం సాబ్ హైదరాబాద్‌లో కుర్రవాళ్ళకు కొత్తరకం పోటీలు పెట్టేవారు. అందులో ఒకదాని నియమం వినండి. బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే బంతి తన్నాలి. ఆలోచించండి. మామూలు మ్యాచ్‌లో ఏ పిల్లవాడైనా గెలవాలని బలమైన కాలే వాడతాడు. రెండో కాలికి అవకాశమే రాదు. అందుకే రెండో కాలు వాడితేనే గెలిచే ఆటను రహీం సాబ్ తయారుచేశారు. బంతిని తిప్పుకుంటూ ఒంటరిగా పోకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి అనే నియమంతో ఇంకో పోటీ పెట్టేవారు. డబ్బు పెద్దగా అక్కర్లేదు. కావలసిందల్లా ఒక మైదానం, ఒక బంతి, ఒక నియమం. కజోర్లా పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే మన ఊళ్ళో ఈ పాఠం నడిచింది. మనం మరిచిపోయాం. గుర్తు తెచ్చుకోవలసిన అవసరం ఉంది.

సరే, మళ్ళీ కజోర్లా దగ్గరికి వద్దాం. ఇప్పుడు కథ కష్టంలోకి వెళుతుంది.

2013 సెప్టెంబరులో స్పెయిన్, చిలీ జట్ల మధ్య స్నేహపూర్వక మ్యాచ్ జరిగింది. అందులో కజోర్లా చీలమండకు దెబ్బ తగిలింది. ఆ తర్వాత నొప్పితోనే ఆడుతూ వచ్చాడు. ఒళ్ళు వేడెక్కితే నొప్పి తెలిసేది కాదు. విరామంలో కూర్చుంటే కాలు చల్లబడి కళ్ళనీళ్ళు వచ్చేవని తర్వాత తనే చెప్పుకున్నాడు. అలా మూడేళ్ళు గడిచాయి. 2016 అక్టోబర్ 19న బల్గేరియా జట్టు లుదోగొరెత్స్‌తో మ్యాచ్. కుడికాలు ఇక మాట వినలేదు. మధ్యలోనే బయటికి వచ్చేశాడు. ఆర్సెనల్ చొక్కాతో అదే ఆఖరి మ్యాచ్ అవుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

ఆపరేషన్ చేశారు. గాయం మానలేదు. కుట్లు విడిపోయేవి. మళ్ళీ ఆపరేషన్. మళ్ళీ మానలేదు. లోపల ఇన్ఫెక్షన్ చేరింది. మడమ వెనక, పిక్కను మడమ ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. మీరు చేత్తో తడిమి చూసుకోవచ్చు. నడవాలన్నా, మునివేళ్ళ మీద లేవాలన్నా అదే ఆధారం. దాన్ని ఎకిలీస్ టెండన్ అంటారు. కజోర్లా కాలిలో ఆ పట్టీని బాక్టీరియా తినేసింది. దాదాపు ఎనిమిది సెంటీమీటర్ల మేర పోయింది. కాలు తీసేయాల్సి వస్తుందేమోనన్న భయం కూడా పట్టుకుంది. కొడుకుతో కలిసి తోటలో నడవగలిగితే అదే చాలనుకో అని డాక్టర్లు చెప్పేశారు.

స్పెయిన్‌లో విటోరియా అనే ఊళ్ళో మికెల్ శాంచెజ్ అనే శస్త్రవైద్యుడు ఆ కాలిని బాగుచేసే పని తలకెత్తుకున్నాడు. పోయిన పట్టీని తిరిగి నిర్మించారు. చీలమండ మీద చర్మం కూడా మిగల్లేదు. ఎడమచేతి నుంచి చర్మం తీసి అక్కడ అతికించారు. ఆ చేతి మీద కూతురి పేరు పచ్చబొట్టు ఉండేది. ఆ పేరులో కొంత భాగం ఇప్పుడు అతని కుడికాలి మీద ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. బలహీనమైన వైపుకు రోజూ పని చెప్పాలని నేనే చెప్పాను. అయితే ఒక జాగ్రత్త. బలహీనత వేరు, నొప్పి వేరు. రెండూ ఒకటి కాదు. బలహీనమైన కాలికి పని కావాలి. నొప్పిగా ఉన్న కాలికి డాక్టరు కావాలి. నొప్పిని దాచుకుని ఆడితే ధైర్యం అనుకుంటాం. కోచ్ ఏమంటాడో, జట్టులో చోటు పోతుందేమో అని పిల్లలు చెప్పరు. తల్లిదండ్రులు, కోచ్‌లు దయచేసి ఈ మాట వినండి. పిల్లవాడు కుంటుతుంటే ఆడించకండి. గాయం మానకపోతే, చీము పడితే, కుట్లు విడిపోతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. బలహీనత వేరు, నొప్పి వేరు.

ఇప్పుడు ఆ రైతు గుర్తున్నాడా? ఖాళీ బండి, తేలిక బరువు, ఆ తర్వాత దుక్కి. కజోర్లా కుడికాలికి జరిగింది అదే. ఎన్నేళ్ళుగానో అతని బలమైన కాలు అది. ఇప్పుడు అదే బలహీనమైన కాలు అయిపోయింది. ఆపరేషన్ల తర్వాత సలమంకా అనే ఊళ్ళో తిరిగి కోలుకునే సాధన మొదలుపెట్టాడు. ముందు నిలబడడం. తర్వాత నడవడం. తర్వాత పిక్కకు బలం. తర్వాత నెమ్మదిగా పరుగు. ఆ తర్వాతే బంతి. రోజూ అదే పని. చూసేవాళ్ళు లేరు. చప్పట్లు లేవు. అప్పటికి అతనికి 33 ఏళ్ళు. ఆ వయసులో చాలామంది ఆట మానేస్తారు. అతను మానలేదు.

2018 వేసవిలో ఆర్సెనల్ ఒప్పందం ముగిసింది. పాత క్లబ్బు విల్లారియల్ రమ్మంది. ఆట ఆడి 21 నెలలయింది. అభిమానులకు అతన్ని చూపించడానికి ఒక ఇంద్రజాలికుణ్ణి పిలిచారు. మైదానంలో వేదిక మీద ఒక గాజు గొట్టం పెట్టారు. అందులో పొగ నిండింది. పొగ తొలగేసరికి లోపల కజోర్లా నిలబడి ఉన్నాడు. జనం ఆనందంతో ఊగిపోయారు.

అది వేడుక. అసలు ఆట 2019 జనవరి 3న చూశాం. విల్లారియల్ మైదానంలో రియల్ మాడ్రిడ్ దిగింది. ఆట మొదలైన నాలుగో నిమిషంలోనే కజోర్లా గోల్ కొట్టాడు. ఆట చివర్లో రెండోది కొట్టాడు. ఆ రెండో గోల్ తలతో కొట్టాడు. ఐదడుగుల ఆరంగుళాల మనిషి. తోటలో నడిస్తే చాలు అనిపించుకున్న మనిషి. గాలిలోకి లేచి తలతో గోల్ కొట్టాడు. పైకి లేవాలంటే ఆ మడమ పట్టీ గట్టిగా ఉండాలి కదా. అదే ఏడాది స్పెయిన్ జట్టుకు కూడా మళ్ళీ పిలుపు వచ్చింది. ఆ మరుసటి సీజన్‌లో లీగ్‌లో 11 గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత కతార్ వెళ్ళి అల్ సద్ జట్టులో చేరాడు. స్పెయిన్ జట్టులో ఒకప్పటి సహచరుడు చావి అప్పుడు ఆ జట్టు కోచ్.

ఇక ఆఖరి ఘట్టం. నాకు చాలా ఇష్టమైన ఘట్టం.

రియల్ ఒవియేదో సంగతి గుర్తుంది కదా. 2003లో పడిపోయిన క్లబ్బు. 2012 నవంబరులో అది మూతపడే దాకా వచ్చింది. అప్పు తీర్చడానికి వాటాలు అమ్మకానికి పెట్టారు. ఒక్కో వాటా ధర 10 యూరోల 75 సెంట్లు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కొన్నారు. ఒవియేదోను ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా కొన్నారు. ఆ క్లబ్బు పిల్లల జట్లలో పెరిగి అప్పటికి ఇంగ్లండ్‌లో ఆడుతున్న ముగ్గురు ఆటగాళ్ళు కూడా డబ్బు పెట్టారు. హువాన్ మాతా, మిచు, కజోర్లా. తర్వాత మెక్సికో వ్యాపారవేత్త కార్లోస్ స్లిమ్ సంస్థ కూడా ముందుకు వచ్చింది. క్లబ్బు బతికింది.

2023 ఆగస్టులో 38 ఏళ్ళ వయసులో కజోర్లా ఆ క్లబ్బుకు తిరిగి వచ్చాడు. పెద్ద జట్టు నీలం చొక్కా వేసుకోవడం అదే మొదటిసారి. జీతం లేకుండా ఆడతానన్నాడు. నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి కనీస వేతనం తీసుకున్నాడు. తన పేరున్న చొక్కాల అమ్మకంలో పదో వంతు క్లబ్బు పిల్లల జట్లకు ఇవ్వాలని అడిగాడు. తాను ఆట నేర్చుకున్న చోట ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లల కోసం ఇచ్చాడు.

మొదటి ఏడాది ఒవియేదో పై లీగ్‌కు చేరే ఆఖరి మెట్టు మీద ఎస్పాన్యోల్ చేతిలో ఓడింది. మరుసటి ఏడాది మళ్ళీ ఆ మెట్టు దాకా వచ్చింది. ఎదుట మిరాందేస్. రెండు మ్యాచ్‌ల పోరు. మొదటి మ్యాచ్‌లో ఒవియేదో ఒక గోల్ తేడాతో ఓడింది. రెండోది 2025 జూన్ 21న సొంత మైదానంలో. అక్కడా ముందు గోల్ మిరాందేస్ కొట్టింది. అంటే మొత్తం మీద రెండు గోల్స్ వెనకబడ్డారు. అప్పుడు పెనాల్టీ వచ్చింది. బంతి తీసుకున్నది 40 ఏళ్ళ కజోర్లా. ఊరంతా ఊపిరి బిగబట్టింది. గోల్ కొట్టాడు. తర్వాత సహచరులు ఇంకో గోల్ కొట్టారు. అదనపు సమయంలో మరొకటి. మూడు ఒకటితో గెలిచారు. 24 ఏళ్ళ తర్వాత ఒవియేదో స్పెయిన్ పెద్ద లీగ్‌లోకి తిరిగి వచ్చింది.

ఈ ఆటగాడికి ప్రపంచకప్ పతకం లేదు. బాలన్ దోర్ లాంటి బహుమతి లేదు. స్పెయిన్ జట్టులో సహచరులైన చావి, ఇనియెస్తా పేర్లు విన్నంతగా ఇతని పేరు మనం వినలేదు. అయినా సాంతి కజోర్లా గొప్ప ఆటగాడని నేను గట్టిగా నమ్ముతాను. బలహీనమైన చోటును అతను ఎన్నడూ వదిలేయలేదు. చిన్నప్పుడు ఎడమకాలిని వదల్లేదు. ముప్పై దాటాక దెబ్బతిన్న కుడికాలిని వదల్లేదు. నలభైలో తన ఊరి క్లబ్బును వదల్లేదు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. పిల్లలకు ఒక గోడ, ఒక బంతి ఉంటే చాలు. రోజూ ఆట మొదలుపెట్టే ముందు పది నిమిషాలు బలహీనమైన కాలితోనే గోడకు తన్నాలి. మొదటి వారం దగ్గర నిలబడి, నెమ్మదిగా, పాదం లోపలి వైపుతో. తిరిగొచ్చిన బంతిని అదే కాలితో ఆపాలి. తర్వాతి వారం రెండడుగులు వెనక్కి జరగాలి. ఆ తర్వాత నడుస్తూ. ఆ తర్వాత పరిగెడుతూ. మొదట్లో బంతి ఎటో పోతుంది. పోనివ్వండి. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. ఆట అయ్యాక కాదు, ఆట ముందే చేయాలి. అలసిపోయాక ఎవరూ బలహీనమైన కాలి జోలికి వెళ్ళరు.

బడిలో వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వారంలో ఒక్కరోజు రహీం సాబ్ నియమం పెట్టండి. ఆ రోజు అందరూ బలహీనమైన కాలితోనే ఆడాలి. కబడ్డీ ఆడించేవాళ్ళు పిల్లల్ని అలవాటు లేని వైపు నుంచి కూతకు పంపండి. బాడ్మింటన్ ఆడించేవాళ్ళు బ్యాక్‌హ్యాండ్‌తోనే ఒక గేమ్ ఆడించండి. ఆ రోజు ఓడిపోయిన పిల్లవాణ్ణి ఏమీ అనకండి. ఆ రోజు గెలుపు కోసం కాదు, నేర్చుకోవడం కోసం.

ఆటలు ఆడని శ్రోతలకు కూడా ఇదే మాట. లెక్కల్లో వెనకబడ్డ పిల్లవాడు వచ్చిన సబ్జెక్టే మళ్ళీ మళ్ళీ చదువుతాడు. రాని సబ్జెక్టు రాత్రికి వాయిదా వేస్తాడు. దాన్ని పొద్దున్నే, మెదడు తాజాగా ఉన్నప్పుడు చదివించండి. ఎముక విరిగి కట్టు విప్పాక చాలామంది ఆ చేతిని వాడడానికి భయపడతారు. డాక్టరు చెప్పిన వ్యాయామం చెప్పినన్ని రోజులు చేయండి. నొప్పి తగ్గిందని మధ్యలో మానేయకండి.

ఈ సాయంత్రమే మొదలుపెట్టండి. పది నిమిషాలు చాలు. మీ పిల్లలకు బంతి ఇచ్చి, బలహీనమైన కాలితో ముందు తన్నమనండి.